చెంచాడు తుప్పు... తొట్టెడు సముద్రం!

*రీల్స్‌లో చూసినప్పుడు అది రెండడుగుల గాజులో బిగించిన సముద్రం. ఇంటికి తెచ్చుకున్న మూడో నెలకు అద్దాల మీద పచ్చగా పాకే నాచు. దాని వెనకున్న భాస్వరం లెక్కను ఆర్వో కొట్టు సామానుతో సరిచేసుకుంటున్న వాళ్ల కథ ఇది.*

సికింద్రాబాద్ రాణిగంజ్. శనివారం సాయంత్రం. మోటార్లు, పైపులు, వాల్వుల దుకాణాల మధ్య ఇరుక్కున్న ఓ ఆర్వో స్పేర్ పార్టుల కొట్టు. పదంగుళాల పారదర్శక ప్లాస్టిక్ హౌసింగ్‌ను అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. మూత విప్పాడు. మధ్యలో ఉన్న రంధ్రంలో వేలు పెట్టి, అది ఏ వైపు తెరుచుకుంటుందో చూశాడు. దాంతోపాటు ఇచ్చిన ఇత్తడి నిపుల్‌ను పక్కకు జరిపి, ‘ప్లాస్టిక్‌ది లేదా అన్నా?’ అన్నాడు.

‘ఇత్తడిదే గట్టిగుంటది సార్. ఏ కంపెనీ మిషను మీది?’

‘మిషనుకు కాదన్నా. చేపల తొట్టికి.’

‘చేపలకు ఆర్వో నీళ్లా!’

‘నీళ్లు ఎలాగూ ఆర్వోవే. ఇది దానికి కాదు. ఇందులో తుప్పు పోస్తా.’

కొట్టాయన పక్కనున్న కుర్రాడి మొహం చూశాడు. కుర్రాడు నవ్వాపుకొన్నాడు. అయినా వచ్చిన బేరం పోగొట్టుకోవడం ఎందుకనుకున్నాడేమో, సొరుగులోంచి తెల్లటి గోళీల పొట్లం ఒకటి తీసి హౌసింగ్ పక్కన పెట్టాడు. ‘ఇవి ఫ్రీ. వేసుకోండి, ఉప్పు పట్టదు.’

‘అమ్మో, అవొద్దన్నా!’ అంటూ ఆ పొట్లాన్ని వెనక్కి తోసేశాడాయన. ‘వాటిలో ఉండేదాన్ని బయటికి లాగడానికే ఈ తిప్పలన్నీ.’

ఆ గోళీల సంగతి కాసేపట్లో చూద్దాం. ముందు తొట్టి సంగతి.

మెరైన్ ట్యాంకు అంటే ఒకప్పుడు స్టార్ హోటల్ లాబీల్లోనో, పేరున్న డాక్టరు గారి క్లినిక్కులోనో కనిపించేది. 2003లో ‘ఫైండింగ్ నీమో’ వచ్చాక పిల్లలు ఆ తెల్ల చారల నారింజ చేప కావాలని మారాం మొదలుపెట్టారు. ఇప్పుడు రీల్స్ పుణ్యమా అని చిన్న చిన్న ఉప్పునీటి తొట్టెలు అపార్ట్‌మెంట్ హాళ్లలోకి, ఆఫీసు బల్లల మీదికి దిగిపోయాయి. నీలిరంగు ఎల్‌ఈడీ వెలుగులో ఊగే మెత్తటి పగడాలు, వాటి చుట్టూ క్లౌన్ చేపలు. ముప్పై సెకన్ల వీడియోకు ఆ మాత్రం చాలు. లీటరుకు 35 గ్రాముల లెక్కన కలపాల్సిన ఉప్పు, 25-26 డిగ్రీలు దాటకుండా కాచుకోవాల్సిన నీటి వేడి, మన ఎండలకు దాన్ని నిలబెట్టే ఫ్యాన్లు, చిల్లర్లు, ఆవిరైనంత మేర రోజూ పోయాల్సిన ఆర్వో నీళ్లు... ఇవన్నీ వీడియో అయిపోయాక మొదలయ్యే పనులు. వీటన్నిటికీ ఓర్చుకున్నవాళ్లు కూడా చేతులెత్తేసేది నాచు దగ్గరే.

రాణిగంజ్‌లో మనకు కనిపించిన ఆయన ఉండేది నిజాంపేటలో. రెండడుగుల తొట్టి. రాళ్లూ ఇసుకా పోగా 60 లీటర్ల ఉప్పునీళ్లు. అందులో రెండు క్లౌన్ చేపలు, ఒక రొయ్య, కొన్ని నత్తలు, మెత్తటి పగడాలు. మూడో నెలలో రాళ్ల మీద పచ్చటి నూగు మొదలైంది. పాత టూత్‌బ్రష్‌తో గీకాడు. వారం తిరిగేసరికి మళ్లీ వచ్చింది. లైటు వేసి ఉంచే గంటలు తగ్గించాడు. నత్తల్ని పెంచాడు. బకెట్లకు బకెట్లు నీళ్లు మార్చాడు. ‘ఇంత డబ్బు పోసి పాచి పెంచుతున్నావా’ అని ఇంట్లో వినాల్సినవన్నీ విన్నాడు. చివరికి ఫాస్ఫేట్ టెస్ట్ కిట్ తెప్పించాడు.

చిన్న గాజు సీసాలో తొట్టి నీళ్లు పోసి మందు కలిపితే నీలిరంగు తేలుతుంది. ఎంత ముదురు నీలమైతే అంత ఫాస్ఫేట్. మర్ఫీ, రైలీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1962లో ప్రచురించిన పద్ధతి ఇది. ఇప్పటికీ సముద్ర ప్రయోగశాలల నుంచి ఇంటి కిట్ల దాకా ఎక్కువగా నడిచేది దీని మీదే. ఆ రోజు తేలిన రంగు లీటరుకు 0.5 మిల్లీగ్రాములని చెప్పింది. శుభ్రమైన పగడపు దిబ్బల మీద ఆడే సముద్రపు నీటిలో సాధారణంగా ఉండేది అందులో పాతికో వంతుకు మించదు.

పెట్టే చెయ్యి

ఇంతకీ ఎక్కడి నుంచి వచ్చిందా ఫాస్ఫేట్? బోరు నీళ్లు, ట్యాంకర్ నీళ్లు పోస్తే వాటితోపాటు కొంత రావచ్చు. ఈయన పోసేది ఆర్వో నీళ్లే. ఉప్పు మంచి రకమే. ఇక మిగిలింది మేత.

ఉదయం ఆఫీసుకెళ్లే ముందు ఆయన వేస్తాడు. ఆయన వేసిన సంగతి తెలియక స్కూలు బస్సు ఎక్కేముందు పాప వేస్తుంది. మధ్యాహ్నం నాన్నమ్మ టీవీ ముందు కూర్చుంటే చేపలు అద్దం దగ్గరికొచ్చి నోళ్లు తెరుస్తాయి. అవెప్పుడూ అంతే, మనిషి కనిపిస్తే చాలు వచ్చేస్తాయి. కానీ ఆవిడ ప్రాణం ఒప్పుకోదు. ‘పాపం, ఆకలేస్తున్నట్టుంది’ అంటూ ఇంకో చిటికెడు. తెలుగింట్లో ఎదురుగా ఉన్న ప్రాణిని తినకుండా ఉంచడం జరిగే పనేనా!

> గ్రాము మేత లెక్క
>
> చేపల పొడి మేతలో బరువుకు దాదాపు ఒక శాతం భాస్వరం ఉంటుంది. అంటే గ్రాము మేతలో 10 మిల్లీగ్రాములు. అదే ఫాస్ఫేట్ రూపంలో లెక్కేస్తే 30 మిల్లీగ్రాములు. దాన్ని 60 లీటర్ల నీటికి పంచితే లీటరుకు 0.5 మిల్లీగ్రాములు! చేపల ఒంటికి పట్టేది కొంత, నురుగుతో స్కిమ్మర్ లాగేసేది కొంత, నాచు తినేది కొంత పోయినా, రోజూ పడే చిటికెళ్లు నెల తిరిగేసరికి ఎక్కడ తేలతాయో చెప్పనక్కర్లేదు. పగడాలు పెంచేవాళ్లు చాలామంది 0.03 నుంచి 0.1 మధ్య ఉంటే చాలనుకుంటారు.

గడ్డకట్టిన రొయ్య మేత కరిగించాక ఆ నీళ్లు పారబోస్తే ఫాస్ఫేట్ పోతుందని చాలామంది నమ్మకం. దాంతో ఒరిగేది కొంచెమే. భాస్వరం ఎక్కువగా ఉండేది ఆ నీళ్లలో కాదు, మేత కండలో. చేప తిన్నా తినకపోయినా అందులో చాలా భాగం చివరికి నీళ్లలోకే చేరుతుంది. వారానికోసారి పది శాతం నీళ్లు మారిస్తే తగ్గేదీ పది శాతమే. ఆ వారంలో పడిన మేత దాన్ని మళ్లీ నింపేస్తుంది. అందుకే లాక్కుని పట్టుకునేది ఏదో ఒకటి కావాలి.

తెల్ల గోళీల సంగతి

హైదరాబాద్‌లో బోరు నీళ్ల మీద బతికే ఏ ఇంటి గీజరు విప్పినా లోపల తెల్లటి పెచ్చు కనిపిస్తుంది. ‘ఉప్పు పట్టింది’ అంటాం. అది వంటింటి ఉప్పు కాదు, ఎక్కువగా కాల్షియం కార్బొనేట్. సున్నపురాయి. అది పేరుకోకుండా వాషింగ్ మెషిన్ల ముందు, ఆర్వోల ముందు వేసేవే ఆ యాంటీ స్కేలెంట్ గోళీలు. వాటిలో చాలావాటికి అసలు సరుకు పాలీఫాస్ఫేట్. నీళ్లలో సన్నగా కరుగుతూ, సున్నపు స్ఫటికం ఎక్కడ పెరగబోతోందో అక్కడికి వెళ్లి అతుక్కుంటుంది. పెరుగుదల ఆగిపోతుంది. గీజరుకు అది వరం.

పగడం చేసే పనీ సున్నం కట్టడమే కదా! సముద్రపు నీటిలోంచి కాల్షియం, కార్బొనేట్ తీసుకుని తన ఎముకగూటిని కట్టుకుంటుంది. నత్త తన గుల్లను అలాగే కడుతుంది. రాళ్ల మీద గులాబీరంగు పెచ్చులా పరుచుకునే కోరలైన్ నాచు కూడా అంతే. గీజరులో పెచ్చును ఆపేది పగడంలో ఎముకను ఆపకుండా ఎందుకుంటుంది? ఆస్ట్రేలియా గ్రేట్ బారియర్ రీఫ్‌లోని వన్ ట్రీ దీవి దగ్గర కిన్సీ, డేవిస్ అనే పరిశోధకులు పగడపు దిబ్బ భాగానికి ఎనిమిది నెలలపాటు ఫాస్ఫేట్, నత్రజని ఎరువులు అందించి చూశారు. దిబ్బ సున్నం కట్టే వేగం సగానికి పైగా పడిపోయిందని 1979లో రాశారు.

ఆ గోళీలు తొట్టిలో వేసి ఉంటే ఏమయ్యేదో ఇప్పుడు అర్థమైంది కదా. పాలీఫాస్ఫేట్ కొన్నాళ్లకు విడిపోయి మామూలు ఫాస్ఫేట్ అయిపోతుంది. కాబట్టి ఎవరైనా ఇంట్లో వాడేసిన హౌసింగ్ ఉంది కదా అని తొట్టికి తగిలించేముందు, అందులో ఇదివరకు ఏం వేశారో అడిగి తెలుసుకోవాలి.

నడుమ తెర కట్టిన చెరువు

రాళ్ల మీద నూగు పెరగడానికి మాత్రం కారణం ఇంకా సులువైనది. నత్రజని, భాస్వరం, పొటాష్ అని మన రైతు బస్తా మీద చదువుకునే లెక్కే నీటి మొక్కకూ వర్తిస్తుంది. మంచినీటి చెరువుల్లో అసలు దోషి ఎవరన్న దానిమీద 1960లు, 70ల్లో ఉత్తర అమెరికాలో పెద్ద రగడ జరిగింది. ఫాస్ఫేట్ వేసి డిటర్జెంట్లు తయారుచేసే కంపెనీలకు ఆ నేరం తమ మీద పడటం ఇష్టం లేదు. కెనడాలోని ఒంటారియోలో డేవిడ్ షిండ్లర్ అనే శాస్త్రవేత్త 1973లో తేల్చేశాడు. నడుము సన్నగా ఉన్న ఒక చెరువును, దాని నంబరు 226, ఆ సన్నటి చోట తెర కట్టి రెండు చేశారు. రెండువైపులా కార్బన్, నత్రజని వేశారు. ఒకవైపు మాత్రం భాస్వరం కూడా కలిపారు. ఆ వైపు పచ్చగా మారిపోయింది. ఇటువైపు నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి. ఆకాశం నుంచి తీసిన ఆ ఫొటో చూశాక వాదించేవాళ్లకు పెద్దగా మాటలు మిగల్లేదు.

మన హుస్సేన్‌సాగర్ పచ్చదనానికీ, శివారు చెరువుల్ని కప్పేసే గుర్రపుడెక్కకూ మురుగుతో వచ్చే ఇదే సరుకు బలం. ఆ చెరువుకు పెట్టలేని తుప్పు డబ్బా ఇంటి తొట్టికి పెట్టొచ్చు.

విషం కోసం వేసిన వల

డబ్బాలో పోసేది నిజంగానే తుప్పుకు దగ్గరి చుట్టం. జీఎఫ్‌ఓ అంటారు. ఐరన్ హైడ్రాక్సైడ్, ఆక్సైడ్‌లతో చేసిన ముదురు గోధుమరంగు గుళికలు. ఇది చేపల తొట్టెల కోసం పుట్టింది కాదు. పశ్చిమ బెంగాల్, బంగ్లాదేశ్ బోరుబావుల్లో ఆర్సెనిక్ ఎంతమంది ఒళ్లు పాడుచేసిందో మనకు తెలిసిందే. జర్మనీలో, అమెరికాలో కూడా భూగర్భ జలాల్లో ఆ బెడద ఉంది. బెర్లిన్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో 1990ల్లో ఆర్సెనిక్‌ను పట్టుకోవడానికి ఇలాంటి ఇనుప గుళికలు తయారుచేశారు. అమెరికా 2001లో తాగునీటిలో ఆర్సెనిక్ హద్దును లీటరుకు 50 మైక్రోగ్రాముల నుంచి పదికి దించింది. ఆ తర్వాత వీటికి గిరాకీ పెరిగింది.

మూలకాల పట్టికలో ఆర్సెనిక్ సరిగ్గా భాస్వరం కింది గదిలో కూర్చుంటుంది. ఇనుము ఒకదాన్ని పట్టుకుంటే రెండోదాన్నీ పట్టుకుంటుంది. నీళ్ల ప్లాంట్ల వాళ్లకు అది తలనొప్పి. నీటిలో ఫాస్ఫేట్ ఉంటే ఆర్సెనిక్‌కు చోటు తగ్గిపోతుంది. పగడాల వాళ్లు ఆ తలనొప్పినే తమ పనికి వాడుకున్నారు. గ్రాము గుళికల లోపలి సూక్ష్మరంధ్రాల వైశాల్యం వంద చదరపు మీటర్ల పైమాటే. మన భాషలో 120 గజాల ప్లాటు. ఫాస్ఫేట్ అతుక్కోవడానికి అంత చోటుంది.

ఇళ్లలో పగడాలను బతికించే విద్యలోనూ బెర్లిన్ పేరే ముందు వినిపిస్తుంది. 1970ల్లో అక్కడి అభిరుచిపరులు సజీవ శిలలు, నురుగు లాగే స్కిమ్మర్లు, గట్టి వెలుతురుతో సాధించిన పద్ధతిని ఇప్పటికీ ‘బెర్లిన్ పద్ధతి’ అనే అంటారు. అంతకు ముందే, 1961లో, జకార్తాకు చెందిన లీ చిన్ ఎంగ్ సముద్రపు రాళ్లు, గాలి బుడగలు తప్ప పెద్దగా యంత్రాలేమీ లేకుండా తొట్టెలు నడిపిన తీరును ఒక అమెరికన్ పత్రికలో రాశాడు. గడప దాటితే సముద్రం ఉన్నవాడికి అది సాగింది. నిజాంపేటకు సముద్రం ఎంత దూరమో వేరే చెప్పాలా!

తిరగేసి బిగించిన హౌసింగ్

రెడీమేడ్ ఫాస్ఫేట్ రియాక్టర్లు మార్కెట్లో ఉన్నాయి. వచ్చేది విదేశాల నుంచి, ధరలూ ఆ మేరకే. విప్పి చూస్తే అందులో ఉండే గుట్టు ఏమీ లేదు. కింది నుంచి నీళ్లు పైకి రావాలి, గుళికలు మధ్యలో మెల్లగా కదలాలి, బయటికి కొట్టుకుపోకూడదు. అంతే. అమెరికాలో ఈ హాబీ వాళ్లకు సామాను అమ్మే కంపెనీలు కూడా నీళ్ల ఫిల్టర్ హౌసింగ్‌నే మార్చి రియాక్టర్‌గా అమ్మాయి. ఆ మార్పు ఇంట్లో చేసుకోవడానికి పట్టేది ఒక ఆదివారం.

కావలసినవి: పదంగుళాల పారదర్శక హౌసింగ్, అరంగుళం సీపీవీసీ పైపు ముక్క, ఫిల్టర్ స్పాంజ్, ప్లాస్టిక్ జల్లెడ ముక్క, ఆర్వో గొట్టం, ప్లాస్టిక్ ఎల్బోలు, చిన్న వాల్వు, బల్లమీది ఫౌంటెన్లకు వాడే బుల్లి పంపు. కూలర్ పంపు చవకే కానీ వద్దు. 18 వాట్ల పంపు 60 లీటర్లలో రోజంతా తిరిగితే ఏప్రిల్‌లో తొట్టిని వేడెక్కిస్తుంది. పైగా వాటిలో కొన్నింటికి ఇనుప మరలుంటాయి. ఉప్పునీటిలో అవెన్నాళ్లుంటాయి? మూడు నుంచి ఐదు వాట్లది, పింగాణీ ఇరుసు ఉన్నది వెతుక్కోవాలి. ఇత్తడి నిపుల్‌ను మనవాడు ఎందుకు పక్కకు నెట్టాడంటే, ఇత్తడిలో రాగి ఉంటుంది. చేపలు ఏదోలా తట్టుకున్నా రొయ్యలకు, నత్తలకు, పగడాలకు కరిగిన రాగి విషం.

మామూలుగా ఫిల్టర్ హౌసింగ్‌లో నీళ్లు గిన్నె అంచుల వెంట దిగి, మధ్యలోని కార్ట్రిడ్జిలోంచి పైకి వెళ్లిపోతాయి. మనకు కావలసింది దీనికి ఎదురు. మూత లోపల నడిమి రంధ్రానికి సీపీవీసీ ముక్కను బిగించాలి. గిన్నె అడుక్కు వేలి మందం ఎడం ఉండేలా కోసి, పైపు చివర్న నాలుగు గాట్లు పెట్టాలి. పంపు గొట్టాన్ని ‘అవుట్’ అని రాసి ఉన్న వైపు తగిలించాలి. నీళ్లు నడిమి పైపులోంచి అడుక్కు దిగి, గుళికల మీదుగా పైకి లేచి, ‘ఇన్’ అని రాసి ఉన్న వైపు నుంచి తొట్టిలోకి వెళ్తాయి. ఆ అక్షరాల మీద ఒక టేపు ముక్క అంటించేస్తే మంచిది. లేకపోతే రేపు శుభ్రం చేసినప్పుడు ఇంకెవరో ‘తప్పు బిగించావు’ అని సరిదిద్దుతారు!

అడుగున జల్లెడ ముక్క, దాని మీద నడుమ చిల్లు పెట్టిన స్పాంజ్ బిళ్ల. ఆపైన గుళికలు. గిన్నెలో సగానికి పైగా ఖాళీ వదిలి, పైన మళ్లీ స్పాంజ్. వాల్వు ఎటు పెట్టాలన్నది చాలామంది పట్టించుకోరు. పంపు వైపే పెట్టాలి. బయటికి వచ్చే గొట్టానికి వాల్వు పెట్టి బిగిస్తే ఒత్తిడంతా మూత రింగు మీద పడుతుంది.

గుళికలను నేరుగా తొట్టికి కలిపేయకూడదు. రవాణాలో నలిగిన ధూళి ఉంటుంది. బకెట్‌లో ఆర్వో నీళ్లు పెట్టి, రియాక్టర్‌ను విడిగా నడిపి, ఎర్రనీళ్లు పోయి తేటనీళ్లు వచ్చేదాకా కడగాలి. ఆ తర్వాత వాల్వును కొద్దికొద్దిగా తిప్పుతూ గుళికల్ని చూడాలి. సన్న సెగ మీద అన్నం మెతుకులు కదిలినట్టు పైపైన కదలాలి. మరీ ఎగిరితే ఒకదానికొకటి రాసుకుని పొడై తొట్టిలోకి వస్తాయి. అసలు కదలకపోతే వాటి మీద సున్నం పేరుకుని గడ్డకట్టేస్తాయి. 60 లీటర్ల తొట్టికి నిమిషానికి లీటరు పారితే సరిపోతుంది. లీటరు సీసా పట్టుకుని ఫోన్లో టైమర్ చూసుకుంటే అదే తెలుస్తుంది.

ఇంట్లో కట్టిన డబ్బాకు ఉన్న అసలు లాభం చవకదనం కాదని నాకనిపిస్తుంది. కొన్నవాడు పెట్టె మీద రాసిన పూర్తి మోతాదు పోసి మూత బిగిస్తాడు. కట్టినవాడికి ఏ మర ఎందుకుందో తెలుసు కాబట్టి వాల్వు మీద చెయ్యి వేయడానికి జంకడు.

> కరెంటు పోతే?
>
> పంపు ఆగిన వెంటనే మూత రింగు ఎక్కడైనా వదులుగా ఉంటే తొట్టి నీళ్లు గొట్టం వెంట వెనక్కి వచ్చి హాల్లోకి పారతాయి. తొట్టిలోకి వెళ్లే గొట్టానికి నీటిమట్టం దగ్గర చిన్న చిల్లు పెడితే గాలి లోపలికి చొరబడి ఆ ధార తెగిపోతుంది. పంపు వైపు గొట్టానికీ ఇదే జాగ్రత్త. రెండోది, గంటల తరబడి కరెంటు లేకపోతే మూసిన గిన్నెలో ప్రాణవాయువు అయిపోయి నీళ్లు కుళ్లుతాయి. కరెంటు వచ్చాక మొదటి గిన్నెడు నీళ్లు బయట పారబోశాకే మళ్లీ కలపాలి. మూడోది అన్నిటికన్నా ముఖ్యం: ఉప్పునీళ్లు, విద్యుత్ పక్కపక్కనే ఉన్నప్పుడు, కరెంటు లీకైతే సరఫరా ఆపేసే ఆర్‌సీసీబీ లేని ప్లగ్గు వాడొద్దు. వైరు ప్లగ్గు కన్నా కిందికి వేలాడి మళ్లీ పైకి రావాలి. అప్పుడు తడి వైరు వెంట జారినా చుక్క నేలమీదే పడుతుంది.

సున్నా కూడా జబ్బే

నాచు మీద కసితో పూర్తి మోతాదు పోసేవాళ్లకు ఎదురయ్యే దెబ్బ ఇంకోటి. 60 లీటర్లకు గుళికలు నాలుగు టేబుల్‌స్పూన్ల దాకా చెబుతారు. రెండు రోజుల్లో ఫాస్ఫేట్ నేలకు దిగుతుంది. అన్నాళ్లూ ఎక్కువ ఫాస్ఫేట్‌కు అలవాటుపడ్డ పగడాల కండ ఎముకను వదిలి రాలిపోవడం మొదలవుతుంది. నీటి క్షారగుణమూ కాస్త పడిపోతుంది. అందుకే మొదటిసారి సగం, ఇంకా భయమైతే పావు. తగ్గాల్సింది వారాల్లో, రోజుల్లో కాదు.

పగడం ఒంట్లో కాపురముండే సూక్ష్మ శైవలాలకూ భాస్వరం కావాలి. అవి ఎండలో వండిపెడితేనే పగడం తింటుంది. ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ పరిశోధకులు 2013లో ప్రచురించిన పరిశోధన దీన్ని గట్టిగా చూపించింది. నత్రజని పుష్కలంగా ఉండి ఫాస్ఫేట్ అందకపోతే పగడాలు వేడికీ వెలుతురుకూ త్వరగా తెల్లబడిపోతాయి. తొట్టెల్లో ఇంకో తంటా కూడా ఉంది. ఫాస్ఫేట్, నైట్రేట్ రెండూ సున్నా అయినచోట నాచు పోయి డైనోఫ్లాజెల్లేట్లనే గోధుమరంగు జిగురు దిగుతుంది. బుడగలు పట్టిన ఆ తీగల్ని ఒక్కసారి చూసినవాళ్లు పచ్చ నాచే నయమంటారు. వాటిలో కొన్ని నత్తల్ని చంపేస్తాయి కూడా.

పైగా రీడింగ్ దిగిందని సంబరపడినవాళ్లకు వారంలో అది మళ్లీ ఎక్కుతుంది. డబ్బా పనిచేయడం మానేసిందని కాదు. నెలల తరబడి సున్నపురాళ్లు తమ మీద అతికించుకున్న ఫాస్ఫేట్‌ను, నీళ్లు తేటబడగానే తిరిగి వదులుతాయి. అదంతా వచ్చేదాకా ఓపిక పట్టాలి.

> అదే వల, కిడ్నీ రోగికీ
>
> కిడ్నీలు చెడినవాళ్ల రక్తంలో ఫాస్ఫేట్ పేరుకుంటుంది. డయాలసిస్ ఒక్కటే దాన్ని పూర్తిగా లాగలేదు. అందుకే భోజనంతోపాటు ఫాస్ఫేట్‌ను కడుపులోనే పట్టుకునే మాత్రలు ఇస్తారు. కిడ్నీ జబ్బులు పట్టిపీడిస్తున్న ఉద్దానం ఇళ్లలో ఇలాంటి మాత్రలు కొత్తేమీ కాదు. వాటిలో సెవెలమర్‌కు 1998లో అమెరికా ఔషధ సంస్థ అనుమతి ఇచ్చింది. ఆ రకం పాలిమర్ల పేటెంట్ మీద ఉన్న పేర్లలో ఒకటి రసాయన శాస్త్రవేత్త రాండీ హోమ్స్-ఫార్లీది. పగడాల తొట్టెల నీటి రసాయనం గురించి ప్రపంచంలో ఎక్కువమంది చదివే వ్యాసాలూ ఆయనవే! 2004లో అనుమతి పొందిన ఇంకో మాత్ర లాంథనం కార్బొనేట్. అదే లాంథనాన్ని క్లోరైడ్ రూపంలో పెద్ద అక్వేరియాలు ఫాస్ఫేట్ తీయడానికి చుక్కలుగా వాడతాయి. చిన్న తొట్టిలో మాత్రం చెయ్యి జారితే చేపల ప్రాణం మీదికి వస్తుంది.

డబ్బా ఒక్కటే దారి కాదు. స్మిత్‌సోనియన్ సంస్థకు చెందిన వాల్టర్ ఏడీ 1980ల్లోనే నాచును నాచుతోనే పట్టించాడు. జల్లెడ మీద నాచు పెంచి, అది భాస్వరం తిన్నాక గీకి పారేయడం. కొందరు కొద్దికొద్దిగా వోడ్కా పోస్తారు. అది తాగి పెరిగే బ్యాక్టీరియా నత్రజనినీ భాస్వరాన్నీ కూడా లాక్కుంటుంది. సీసా ఖాళీ అవడానికి ఇంట్లో చెప్పే కారణంగా మాత్రం ఇది నిలబడదు. 60 లీటర్ల తొట్టికి రోజుకు పడేది చుక్కలే.

> చట్టం మాటేమిటి?
>
> మన దేశంలో గట్టి పగడాలన్నీ, సముద్రపు విసనకర్రలు, నల్ల పగడాలు, నీటి గుర్రాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒకటో షెడ్యూల్‌లో 2001 నుంచి ఉన్నాయి. మన్నార్ సింధుశాఖ, లక్షద్వీప్, అండమాన్‌ల నుంచి తీసిన పగడం ముక్క ఇంట్లో ఉంటే మూడు నుంచి ఏడేళ్ల జైలు దాకా వెళ్లొచ్చు. ‘లైవ్ రాక్’ పేరుతో వచ్చే రాయి కూడా పగడమే కావచ్చు. వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపార ఒప్పందం (సైటీస్) జాబితాల్లోని విదేశీ జీవులను పెంచేవాళ్లు 2024 నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించుకోవాలి. తొట్టెల్లో పుట్టి పెరిగిన క్లౌన్ చేపలు దొరుకుతున్నాయి. మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వాటిని ఎప్పుడో పిల్లలు పెట్టించింది. కొనేముందు బిల్లు అడగండి.

భీమవరం నుంచి వచ్చిన మావయ్య

రియాక్టర్ బిగించిన కొన్ని వారాలకు నిజాంపేట ఇంటికి ఆయన మేనమామ వచ్చాడు. భీమవరం దగ్గర రొయ్యల చెరువులు చేసే మనిషి. కాఫీ గ్లాసు పట్టుకుని తొట్టి ముందు నిలబడ్డాడు.

‘ఏరా అల్లుడూ, ఈ బుడ్డేంటి?’

‘నీళ్లలో ఫాస్ఫేట్ లాగేస్తది మావయ్యా.’

‘మేతెంత వేత్తన్నావ్?’

‘కొంచెమే.’

‘కొంచెవంటే ఎంతరా? గ్రావులా, గుప్పెళ్లా?’

అల్లుడి దగ్గర సమాధానం లేదు. మావయ్య నవ్వాడు. ‘చెక్ ట్రే చూడకుండా మేత పెంచితే చెరువు కంపెక్కిపోద్ది. రెండు గంటలాగి ట్రే ఎత్తి, మిగిలిందా లేదా చూసి గానీ తర్వాతి మేత వెయ్యం. నువ్వేమో మేత వేసి, ఆ మేతని లాగడానికి మళ్లీ ఇంకో మిషనెట్టావ్!’

ఆక్వా రైతు ఆ మాట అనడంలో వింతేమీ లేదు. రొయ్యల సాగు ఖర్చులో పెద్ద వాటా మేతదే. తినకుండా మిగిలిన ప్రతి గింజకూ ఆయన రెండుసార్లు డబ్బు కడతాడు, కొన్నప్పుడొకసారి, నీళ్లు చెడ్డాక మందులకు ఇంకోసారి. ఇంటి తొట్టివాడికి ఆ లెక్క కనిపించదు. ఒక డబ్బా మేత ఏడాది వస్తుంది మరి.

ఆ సాయంత్రం మావా అల్లుళ్లు కలిసి తొట్టిలో ఒక మూలన చిన్న గాజు గిన్నె పెట్టారు. మేత దాని మీదే పడేలా వేసి, రెండు మూడు నిమిషాల తర్వాత మిగిలింది ఫిల్లర్‌తో పీల్చేయడం. అంతకన్నా పనికొచ్చింది మాత్రం నాన్నమ్మ మందుల అరలోంచి వచ్చింది. వారం రోజుల గదులున్న బీపీ మాత్రల డబ్బా ఖాళీది ఒకటి ఉంటే, అందులో రోజుకింత అని మేత తూచి పోశారు. ఎవరు వేసినా సరే, ఆ రోజు గది ఖాళీ అయితే ఇక వేయకూడదు.

ఇప్పుడు ఆయన వారానికోసారి రెండు చోట్ల నీళ్లు తీసి పరీక్షిస్తాడు, ఒకటి తొట్టిలోంచి, ఒకటి రియాక్టర్ నుంచి వచ్చే గొట్టం చివర నుంచి. రెండూ ఒకటే చూపిస్తే గుళికల పని అయిపోయినట్టు. మొదటి విడత త్వరగానే నిండిపోయింది, రాళ్లు వదిలిన పాత బాకీ అంతా అందులో పడింది కదా. రెండో విడత ఎక్కువ కాలం నడిచింది. మూడోసారి ఒక్క చెంచానే పోశాడు. రీడింగ్ 0.08 దగ్గర ఆడుతోంది, రాళ్ల మీద గులాబీరంగు మచ్చలు మొదలయ్యాయి. అద్దం మీద నాచు పూర్తిగా పోలేదు. వారానికోసారి గీకుతున్నాడు. వాడేసిన గుళికల్ని కాస్టిక్ సోడాతో కడిగి మళ్లీ వాడుకునేవాళ్లూ ఉన్నారు కానీ, చిన్న పిల్లలున్న ఇంట్లో ఆ ఘాటు క్షారం ఎందుకని ఆయన ఆ జోలికి వెళ్లలేదు.

మాత్రల డబ్బాలో సోమవారం నుంచి శనివారం దాకా ఆరు గదులే నింపుతున్నాడు. చేపలకు వారానికో రోజు ఖాళీ కడుపు మంచిదే. నాన్నమ్మ మాత్రం ఒప్పుకోవడం లేదు. ‘ఇంటిల్లిపాదీ బిర్యానీ తినే ఆదివారం నాడే వాటికి పస్తా?’ అని ఆవిడ రోజూ అడుగుతూనే ఉంది.